టీమ్‌గా పనిచేయమంటారు, రేటింగ్ మాత్రం పోటీ పెట్టి ఇస్తారు!

నా మొదటి ఉద్యోగంలో అప్రైజల్ ముందు మేనేజర్ ఓ మాట అన్నారు: "అందరూ బాగానే చేశారు. కానీ ఒకరికి లాస్ట్ రేటింగ్ ఇవ్వాల్సిందే." నేను రాసుకున్న స్క్రిప్ట్ ఒకటుంది, పక్క సీటు ఫ్రెండ్‌కి ఇస్తే రెండు రోజుల పని తగ్గేది. ఇవ్వలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దీన్ని స్టాక్ ర్యాంకింగ్ అంటారు, మనం బెల్ కర్వ్ అంటాం. జీఈలో జాక్ వెల్చ్ ఫేమస్ చేశారు: పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10.

మైక్రోసాఫ్ట్‌లోనూ ఉండేది. 2013 జులైలో సీఈఓ స్టీవ్ బాల్మర్ "వన్ మైక్రోసాఫ్ట్" అంటూ కంపెనీని మొత్తం మార్చారు. ఎవరి ప్రాడక్ట్ వాళ్లది కాదు, అందరూ కలిసి పనిచేయాలి అని. బాగుంది. కానీ పక్కవాడు పైకెళ్తే నా రేటింగ్ పడిపోతుందంటే ఎవరు కలుస్తారండీ? అందుకే నవంబర్‌లో ఆ కర్వ్ తీసేశారు, రేటింగ్ నంబర్లతో సహా. ఇతరుల పనికి నువ్వేం సాయం చేశావన్నదీ చూడటం మొదలుపెట్టారు. (ఈ క్రెడిట్ చాలామంది మన హైదరాబాద్ సత్య నాదెళ్లకి ఇచ్చేస్తారు. ఆయన సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో!)

ఎంబీఏ పుస్తకాల్లో స్ట్రాటజిక్ హెచ్ఆర్ఎం అని భయపెట్టేది ఇదే: కంపెనీ దారి మారినప్పుడు జీతాలు, రేటింగ్, ప్రమోషన్ రూల్స్ కూడా అటే తిప్పడం.

ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా అడుగుతారా?" అంటారు కదా. పక్కవాళ్లకి చేసిన సాయం మీ రేటింగ్‌లో లెక్కకొస్తుందా అని అడిగి చూడండి.