ఖాళీ చేయించే రోజును వెనక్కి నెట్టేవాళ్ళు

తెలుగు సాహిత్యంతో పరిచయం ఉన్నవాళ్ళకు డేవిడ్ షుల్మన్ పేరు కొత్త కాదు. వెల్చేరు నారాయణరావుతో కలిసి అన్నమయ్య పదాలను, పెద్దన మనుచరిత్రను ఇంగ్లీషు పాఠకుల దగ్గరకు చేర్చిన ఇజ్రాయెలీ పండితుడాయన. రాజమండ్రిలో గడిపిన నెలల గురించి ఒక పుస్తకమే రాశారు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఈ ప్రొఫెసర్, ఏళ్ళ తరబడి తన శనివారాలను వెస్ట్ బ్యాంక్ దక్షిణపు కొసన, హెబ్రాన్ కొండల్లో పాలస్తీనా గొర్రెల కాపరుల పక్కన గడుపుతూ వచ్చారన్న సంగతి మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు. 2000లో ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు కలిసి పెట్టుకున్న ‘తాయుష్’ బృందంలో ఆయన మొదటినుంచీ ఉన్నారు. ఆ బృందం చేసే పని చూడటానికి ఏమంత ఘనంగా ఉండదు. మంద మేస్తుంటే దగ్గర్లో నిలబడతారు, రైతు దున్నుతుంటే గట్టు మీద ఉంటారు, ఎవరైనా దాడికి వస్తే కెమెరా తీస్తారు. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతారు. ఇంతమాత్రానికి ఎవరికేం ఒరుగుతుందని అడగడం సహజం. ఆ కొండల్లో జనాన్ని ఎలా ఖాళీ చేయిస్తున్నారో తెలిస్తే, ఈ చిన్న పని విలువ కూడా తెలుస్తుంది.

వెస్ట్ బ్యాంక్ 1967 యుద్ధం నుంచి ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమణలో ఉంది. 1995 ఒప్పందం దాన్ని ఎ, బి, సి అని మూడు ముక్కలు చేసింది. దాదాపు అరవై శాతం ఉన్న ‘సి’ భాగంలో భద్రతతో పాటు ఇళ్ళ అనుమతులు కూడా ఇజ్రాయెల్ చేతిలోనే ఉన్నాయి. పాలస్తీనీయులు పెట్టుకునే దరఖాస్తుల్లో నూటికి ఒకటో రెండో మంజూరవుతాయి. అనుమతి లేకుండా కట్టింది ఇల్లయినా, బడయినా, గొర్రెల దొడ్డయినా కూల్చివేత నోటీసు తప్పదు. దక్షిణ హెబ్రాన్ కొండల్లోని మసాఫర్ యట్టా అనే పల్లెల సముదాయం కష్టం దీనికి అదనం. 1980ల మొదట్లో అక్కడి సుమారు 30,000 దూనముల నేలను, అంటే 7,400 ఎకరాలకు పైగా, సైన్యం తన కాల్పుల శిక్షణకు ‘918వ జోన్’గా ప్రకటించింది. అప్పటి వ్యవసాయ మంత్రి ఏరియల్ షరాన్ 1981లో ఒక సమావేశంలో ఈ ప్రాంతాన్ని శిక్షణకు ఇవ్వజూపుతూ, కొండల మీద అరబ్బు పల్లెలు విస్తరించకుండా ఆపాలని చెప్పినట్టు ఇజ్రాయెల్ పరిశోధన సంస్థ అకెవోత్ బయటపెట్టిన రికార్డుల్లో ఉంది. అయితే మనుషుల్ని లారీల్లో ఎక్కించి పంపేయడం అరుదు. బతుకుతెరువును కొద్దికొద్దిగా కొరికేస్తారు. కొండవాలున కొత్తగా సెటిలర్ల (ఆక్రమిత నేలలో స్థిరపడే ఇజ్రాయెలీల) మకాం ఒకటి వెలుస్తుంది, దానికీ ఒక మంద ఉంటుంది. పాలస్తీనా మంద అటు వెళ్తే రాళ్ళు, కుక్కలు, కర్రలు. వానాకాలపు పచ్చిక అందకపోతే దాణా కొనాలి. దాణాకు అప్పు చేయాలి. అప్పు తీర్చడానికి గొర్రెలమ్మాలి. మంద కరిగిపోయాక ఆ కుటుంబానికి కొండ మీద ఉండటానికి కారణమే మిగలదు. అప్పుడది ‘స్వచ్ఛంద వలస’గా లెక్కకెక్కుతుంది.

నేల సంగతీ అంతే. ఆ ప్రాంతంలో ఇప్పటికీ 1858 నాటి ఉస్మానియా సామ్రాజ్యపు భూచట్టం ఛాయ ఉంది. సాగు చేసుకుంటున్నవాడికి హక్కు, వరుసగా కొన్నేళ్ళు బీడు పెడితే నేల సర్కారుది అన్నది అందులోని సూత్రం. ప్రైవేటు భూమిని సైనిక అవసరం పేరుతో తీసుకుని సెటిల్‌మెంట్ కట్టడం కుదరదని 1979లో ఎలోన్ మోరే కేసులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, ప్రభుత్వం ఈ పాత సూత్రాన్ని బయటికి తీసింది. సాగులో లేదన్న నేలను సర్కారు భూమిగా ప్రకటిస్తూ పోయింది. అంటే కొట్టి, బెదిరించి ఒక రైతును పొలంలోకి అడుగుపెట్టనీయకపోతే, కొన్నేళ్ళ తర్వాత ఆ బీడే అతని మీద సాక్ష్యమవుతుంది. ఇలాంటి చోట ఒక కారు దున్నడమంటే కడుపు నింపుకోవడంతో పాటు దస్తావేజు రాసుకోవడం కూడా. గట్టు మీద నిలబడే ఇజ్రాయెలీ యువతి, ఇటలీ నుంచి వచ్చిన వలంటీరు ఆ దస్తావేజుకు సాక్షులన్నమాట.

అలా నిలబడినప్పుడు జరిగేదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మంద వాలు మీదికి చేరగానే మకాం నుంచి ఎవరో ఫోన్ చేస్తారు, జీపు వస్తుంది. అధికారి చేతిలో ఒక కాగితం, దాని మీద ఆ చోటి పటం: ఇది మూసివేసిన సైనిక ప్రాంతం, కొద్ది నిమిషాల్లో ఖాళీ చేయాలి. కాపరి ఒక్కడే ఉంటే ఆ కాగితం చూపించాల్సిన పని కూడా ఉండదు, కేకేస్తే చాలు. పక్కన ఇజ్రాయెలీ ఉంటే కథ మారుతుంది. ఉత్తర్వు మీద సంతకం ఉందా, గడువు ఎంతవరకు, పటంలో గీసిన గీత ఈ మిట్టను దాటుతుందా అని హీబ్రూలో అడుగుతారు, చిత్రీకరిస్తారు, వకీలుకు ఫోన్ చేస్తారు. ఆ వాదన సాగినంతసేపూ గొర్రెలు మేస్తూనే ఉంటాయి. ఈ తేడాకు మూలం చట్టంలోనే ఉంది. ఒకే కొండ మీద పాలస్తీనీయుడు సైనిక చట్టం కింద, సైనిక కోర్టు కింద బతుకుతాడు; ఇజ్రాయెలీకి మామూలు పౌర చట్టం వర్తిస్తుంది. తుబా అనే పల్లె పిల్లలు అత్-తువానీలోని బడికి వెళ్ళే దగ్గరి దారి ఒక సెటిల్‌మెంట్‌కూ, దాని పక్కనే వెలిసిన మకాంకూ మధ్య నుంచి పోతుంది. 2004లో పిల్లలకు తోడు నడిచిన ఇద్దరు అమెరికన్ వలంటీర్లను ముసుగు మనుషులు తీవ్రంగా కొట్టారు. గాయపడింది అమెరికన్లు కాబట్టి అది వార్తయింది, ఇజ్రాయెల్ పార్లమెంటు కమిటీ కదిలింది, పిల్లల వెంట సైనిక జీపు నడవాలని నిర్ణయమైంది. పిల్లలు దెబ్బలు తిన్నప్పుడు రాని జీపు విదేశీయులు తిన్నప్పుడు వచ్చింది. ఇందులోని అన్యాయం తోడు వెళ్ళేవాళ్ళకూ తెలుసు. అన్యాయమైన తేడా ఎలాగూ ఉంది కనుక, దాన్ని కాపరికి అడ్డుగా నిలపడమే వాళ్ళ పద్ధతి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, ఇదంతా వృథా ప్రయాస అని. ఇరవై ఏళ్ళకు పైగా నిలబడినా సెటిల్‌మెంట్లు పెరుగుతూనే ఉన్నాయి కదా అంటారు. పెరుగుతున్న మాట నిజమే. కానీ లెక్క వేయాల్సింది ఇంకో వైపు నుంచి. 1999 నవంబరులో సైన్యం మసాఫర్ యట్టా నుంచి దాదాపు 700 మందిని వెళ్ళగొట్టింది. ఇజ్రాయెల్ పౌర హక్కుల సంఘం, ఇతర వకీళ్ళు కోర్టుకెక్కారు. బయట ఇజ్రాయెలీ మద్దతుదారులు గొడవ చేశారు. 2000 మార్చిలో మధ్యంతర ఉత్తర్వుతో ఆ కుటుంబాలు తిరిగొచ్చాయి. చివరి తీర్పు వాళ్ళకు వ్యతిరేకంగా వచ్చింది 2022 మే నెలలో. మధ్యలో ఇరవై రెండేళ్ళు. ఆ కాలంలో అక్కడ పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, బడులు లేచాయి. కామెట్-మీ అనే ఇజ్రాయెలీ-పాలస్తీనీ సంస్థ గుహల్లోకి, డేరాల్లోకి సౌర విద్యుత్తు తెచ్చింది. బిల్‌ఇన్ గ్రామంలో 2005 నుంచి వారంవారం జరిగిన ఉమ్మడి నిరసనలకు కోర్టు కేసు తోడై, 2007లో ఊరి పొలాల మీదుగా ఇజ్రాయెల్ వేసిన కంచె దారి మార్చాలన్న తీర్పు వచ్చింది. 2011లో పొలాల్లో కొంత భాగం రైతులకు తిరిగి దక్కింది. ఖాన్ అల్-అహ్మర్ అనే బెదూయిన్ పల్లెను కూల్చడానికి 2018లో కోర్టు దారి వదిలాక, ఇజ్రాయెలీలూ విదేశీయులూ రాత్రింబవళ్ళు అక్కడే కూర్చున్నారు. యూరప్ ప్రభుత్వాల ఒత్తిడి, అంతర్జాతీయ నేర న్యాయస్థానం ప్రాసిక్యూటర్ హెచ్చరిక తోడయ్యాయి. కూల్చివేత వాయిదా పడింది. ఖాళీ చేయించడం రోజువారీగా సాగే చోట రోజులు సంపాదించి పెట్టడమే ఫలితం. తుది విజయం లేదు కనుక ఇది శూన్యం అనడం, రోగి ఎప్పటికైనా పోయేవాడే కదా అని వైద్యం మానేయమన్నట్టు ఉంటుంది.

చట్టం సంగతేమిటన్నది రెండో ప్రశ్న. కాల్పుల జోన్ ప్రకటించేనాటికి అక్కడ శాశ్వత నివాసం ఉన్నట్టు పిటిషనర్లు రుజువు చేయలేకపోయారని 2022 తీర్పు చెప్పింది. కోర్టు తేల్చాక బయటివాళ్ళు అడ్డుపడటం చట్టాన్ని ధిక్కరించడమే అన్నది వాదన. రుజువు కోరడంలో తప్పులేదు. అయితే రుతువును బట్టి గుహకూ పొలానికీ మధ్య తిరిగే కాపరుల నివాసాన్ని పట్నపు ఇంటి నంబరు కొలతతో తేల్చడం న్యాయమా? పైగా ఆక్రమిత ప్రాంతపు జనాన్ని బలవంతంగా తరలించరాదని నాలుగో జెనీవా ఒప్పందంలోని 49వ అధికరణం చెబుతుంది. ఈ ఆక్రమణే చట్టవిరుద్ధమని 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం ప్రకటించింది. ఇజ్రాయెల్ కోర్టులు కూడా అన్నిసార్లూ ఒకే మాట చెప్పలేదు. సెటిలర్లు కొడతారన్న సాకుతో పొలాన్ని రైతుకే మూసేయడం సరికాదనీ, అతన్ని కాపాడి పొలానికి పోనివ్వడం సైన్యం బాధ్యత అనీ 2006లో సుప్రీంకోర్టే తేల్చింది. ఆలివ్ కోతల్లో ‘మానవ హక్కుల కోసం రబ్బీలు’ సంస్థ వలంటీర్లు చెట్ల కింద నిలబడి గుర్తుచేసేది ఈ తీర్పునే.

మూడో అభ్యంతరం పాలస్తీనీయుల వైపు నుంచే వస్తుంది, అది మరింత పదునైనది. మా గోడు పక్కవాడి పాస్‌పోర్టు ద్వారానే వినబడాలా, ఇజ్రాయెలీలతో కలిసి ఫొటోలో నిలబడితే ఆక్రమణ మామూలు విషయమైపోదా అని వాళ్ళడుగుతారు. విదేశీ వలంటీరు మరణం ప్రపంచాన్ని కదిపినంతగా స్థానికుడి మరణం కదపదన్నది నిజం. 2003లో గాజాలోని రఫాలో సైన్యపు బుల్డోజర్ కింద పడి చనిపోయిన అమెరికన్ వలంటీరు రేచెల్ కోరీ పేరు లోకమంతా తెలుసు. ఆ ఏళ్ళలో గాజాలో చనిపోయిన వందలాది మంది పేర్లు తెలియవు. దీనికి సమాధానం పెత్తనం ఎవరిదన్నదాంట్లో ఉంది. ఏ పొలానికి వెళ్ళాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నది ఊరివాళ్ళు నిర్ణయించాలి. వచ్చినవాళ్ళు మాట వినాలి. 2025లో ఆస్కార్ గెలిచిన ‘నో అదర్ ల్యాండ్’ డాక్యుమెంటరీని తీసిన నలుగురిలో ఇద్దరు మసాఫర్ యట్టా ప్రాంతపు పాలస్తీనీయులు, ఇద్దరు ఇజ్రాయెలీలు. ఆ బహుమతి తర్వాత నెల తిరగకుండానే దర్శకుల్లో ఒకరైన హమ్దాన్ బల్లాల్ తన ఊళ్ళోనే దెబ్బలు తిని సైన్యం నిర్బంధంలో రాత్రి గడిపారు. ఇజ్రాయెలీ సహదర్శకులకు ఆ గతి పట్టలేదు. ఆ తేడా వాళ్ళ సినిమాలోనూ దాచకుండా కనిపిస్తుంది.

ఇజ్రాయెల్‌లో వినిపించే నాలుగో మాట, వీళ్ళు స్వజన ద్రోహులని. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయాక ఈ మాట బలపడింది. ఆ దుఃఖాన్ని తక్కువ చేయకూడదు. అయితే ఆ రోజు బలైనవాళ్ళలో శాంతి కోసం పనిచేసినవాళ్ళూ ఉన్నారు. ‘విమెన్ వేజ్ పీస్’ స్థాపకుల్లో ఒకరైన వివియన్ సిల్వర్ గాజా సరిహద్దు దగ్గరి బేరీలోని తన ఇంట్లో హతమయ్యారు. అక్కడి మరో ఊరు నిర్ ఓజ్ నుంచి అపహరణకు గురై బందీగా ప్రాణాలొదిలిన ఓడెడ్ లిఫ్‌షిట్జ్, గాజా రోగులను తన కారులో ఇజ్రాయెల్ ఆసుపత్రులకు చేర్చిన మనిషి. 1970ల మొదట్లో రఫా ప్రాంతపు బెదూయిన్లను వెళ్ళగొట్టినప్పుడు వాళ్ళ పక్షాన పోరాడిన కిబుట్జ్ (ఉమ్మడి వ్యవసాయ గ్రామం) సభ్యుల్లో ఒకరు. తన వాళ్ళను ప్రేమించడం, పక్కవాడి ఇల్లు కూల్చొద్దనడం ఒకదానికొకటి అడ్డు కాదనడానికి వీళ్ళ జీవితాలే ఆధారం. షుల్మన్‌కు 2016లో ఆ దేశపు అత్యున్నత పురస్కారం ఇజ్రాయెల్ ప్రైజ్ వచ్చింది. ఆయన పుచ్చుకుని, ఆ సొమ్మును తాయుష్‌కు ఇచ్చేశారు.

ఇంత చెప్పాక, ఈ పద్ధతి హద్దులు కూడా చెప్పాలి. పాస్‌పోర్టు చూసి సైనికుడు ఆగుతాడన్న నమ్మకం మీదే ఇదంతా నిలబడి ఉంది. 2023 అక్టోబరు తర్వాత స్థానిక సెటిలర్లే రిజర్వు సైనికులై యూనిఫాం వేసుకోవడంతో, ఫిర్యాదు చేయాల్సింది ఎవరి మీదో ఎవరికో తెలియని స్థితి వచ్చింది. డజనుకు పైగా కాపరుల పల్లెలు ఖాళీ అయ్యాయి. 2024 సెప్టెంబరులో బైతా దగ్గర సైన్యం తూటాకు అమెరికన్-తుర్కీ వలంటీరు ఐషెనూర్ ఎజ్గీ ఎయ్గీ చనిపోయారు. 2025 జులైలో ఉమ్ అల్-ఖైర్‌లో ఆ ఊరి ఉపాధ్యాయుడు అవ్దా హతలీన్ ఒక సెటిలర్ కాల్పుల్లో మరణించారు. విదేశీ వలంటీర్లను పట్టుకుని దేశం దాటించడం పెరిగింది. అయినా పక్కన నిలబడినవాళ్ళు పోగేసిన వీడియోలు, తేదీలు, ఫిర్యాదుల లాంటి ఆధారాలు అంతర్జాతీయ ఒత్తిడికి పునాది అయ్యాయి. హింసకు పాల్పడిన సెటిలర్లపై 2024 ఫిబ్రవరిలో అమెరికా ఆంక్షలు విధించింది. 2025 జనవరిలో అక్కడ కొత్తగా వచ్చిన అధ్యక్షుడు మొదటి రోజే వాటిని ఎత్తేశారు. కొండ మీది వలంటీరు ఒక రోజును కాపాడగలడు, ఒక సాక్ష్యాన్ని నిలపగలడు. ఆ రోజుల్ని శాశ్వత హక్కుగా మార్చే అధికారం కోర్టులకూ ప్రభుత్వాలకూ ఉంది. అవి ఆ పని చేయనంతకాలం, వలంటీర్ల శ్రమ చాలలేదని వాళ్ళ మీదే తప్పు మోపడం న్యాయం కాదు.