మన్యోషూ: పాఠనిర్ణయము, అనువాదము

జపాను ప్రాచీన పద్యసంకలనమగు మన్యోషూలో 759వ సంవత్సరము వరకు గల 4,500 పైచిలుకు పద్యములు 20 సంపుటములుగా నున్నవి. నాటికి జపాను భాషకు స్వంతలిపి లేదు. చీనా అక్షరములనే ఒకచోట అర్థమునకు, ఒకచోట కేవలము ధ్వనికి వాడిరి. రెండు శతాబ్దములలోనే స్వదేశీయులకు సైతము దీనిని చదువుట దుష్కరమయ్యెను. 951లో మురకామి చక్రవర్తి ఐదుగురు పండితులను ఇందులకై నియోగింపవలసివచ్చినది.

కావున ఇచ్చట అనువాదమునకు ముందు పాఠనిర్ణయము జరుగవలెను. 1940 నాటి వేయి పద్యముల ఆంగ్లానువాదమును మేము ఆదరించుట ఇందులకే. జపాను పండితసంఘము పాఠమును, అర్థమును నిర్ణయించి ఆంగ్లీకరింపగా, సెండాయిలో అధ్యాపకుడుగా నుండిన ఆంగ్లకవి రాల్ఫ్ హాడ్జ్‌సన్ భాషాసంస్కరణకు తోడ్పడెను. ఎవరి పని వారు చేసిరి. రోమను లిపిలో మూలమును చేర్చుటచే ఆ పాఠమును చదువరి స్వయముగా పరీక్షింపగలడు.

అయినను పద్యములను కవులను, కాలమును బట్టి అమర్చుట మాకు రుచింపదు. ప్రేమసంవాదములు, మృతులకై చెప్పిన శోకపద్యములు అను మూలవిభాగము ఇందు మరుగుపడినది. 1965లో కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము డొనాల్డ్ కీన్ తొలిపలుకుతో పునర్ముద్రించినప్పుడును ఆ అమరికయే నిలిచినది. సంపుటసంఖ్యను, పద్యసంఖ్యను పట్టుకొని ప్రతి పద్యమును దాని స్వస్థానమున మరల చూచుకొనుట పరిశోధకవిద్యార్థికి తప్పదు.