మహిళలకు మాత్రమే తుపాకీ శిక్షణ: కొందరు ఆడవాళ్లు ఆ క్లాసులనే ఎందుకు ఎంచుకుంటున్నారు?

అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, లేదంటే కొడుకు, కోడలు షికాగోలో ఉంటారు. ఒక రోజు ఫోన్‌లో మాటల మధ్యలో, "అమ్మీ, ఇక్కడ మా పక్కింటావిడ గన్ క్లాసుకు వెళ్తోంది. నన్నూ రమ్మంటోంది. అందరూ ఆడవాళ్లేనట" అంటుంది. ఇక్కడ తల్లి గుండె గుభేలుమంటుంది. అసలు ఆడపిల్లకు తుపాకీ ఎందుకు? నేర్చుకోవాలనే ఉంటే, ఆడవాళ్లకు వేరే క్లాసు ఎందుకు?

మొదటి ప్రశ్నకు ఒక్కో ఇంటి జవాబు ఒక్కోలా ఉంటుంది. రెండో ప్రశ్నకు మాత్రం స్పష్టమైన జవాబులున్నాయి. అవి తెలిస్తే మొదటి ప్రశ్న గురించి ఆలోచించడం కూడా కాస్త సులువవుతుంది.

కొత్తగా కొంటున్నవాళ్లలో సగం మంది ఆడవాళ్లే

అమెరికాలో తుపాకీ అంటే ఒకప్పుడు మగవాళ్ల వ్యవహారం. ఇప్పుడలా లేదు. 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ వరకు అక్కడ దాదాపు 75 లక్షల మంది పెద్దలు జీవితంలో మొదటిసారి తుపాకీ కొన్నారని, వాళ్లలో ఇంచుమించు సగం మంది ఆడవాళ్లేనని ఒక జాతీయ సర్వే తేల్చింది. కొనడం తేలికే, వాడటం నేర్చుకోవడమే కష్టం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టప్రకారం అర్హత ఉన్న 21 ఏళ్లు దాటినవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. శిక్షణ తప్పనిసరి కాదు. అంటే నేర్చుకోవాలా వద్దా అనేది మనిషి ఇష్టానికే వదిలేశారు. అలాంటి చోట, ఏ క్లాసు అయితే భయం లేకుండా వెళ్లగలరో అదే ముఖ్యమవుతుంది.

ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా నడిచే సంఘాలు అక్కడ చాలానే వచ్చాయి. 2011లో టెక్సాస్‌లో మొదలైన 'ఎ గర్ల్ అండ్ ఎ గన్' వాటిలో ఒకటి.

అడగలేని ప్రశ్నలు

ఎక్కువ మంది చెప్పే కారణం చాలా చిన్నది: మగవాళ్ల మధ్య ప్రశ్న అడగాలంటే మొహమాటం. పదిమంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు ఉన్న క్లాసులో "మ్యాగజైన్ అంటే ఏంటి?" అని అడగడానికి నోరు రాదు. మగవాళ్లకూ తెలియకపోవచ్చు. కానీ తెలిసినట్టు కూర్చుంటారు, వాళ్లను చూసి మనమూ అలాగే కూర్చుంటాం. తుపాకీ విషయంలో తెలియకుండా తల ఊపడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

కొన్ని ప్రశ్నలు ఆడవాళ్లకే వస్తాయి. గర్భిణి రేంజ్‌కు వెళ్లవచ్చా? వెళ్లకపోవడమే మంచిదని సలహా ఇస్తారు. తూటాలో సీసం ఉంటుంది, కాల్చినప్పుడు అది గాల్లో కలుస్తుంది. పైగా తుపాకీ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది. తల్లి చెవులకు మఫ్ పెట్టుకోవచ్చు, కడుపులో బిడ్డకు పెట్టలేం కదా. రేంజ్ నుంచి ఇంటికొచ్చి పసిబిడ్డను వెంటనే ఎత్తుకోవచ్చా? ముందు సబ్బుతో చేతులు, ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకోవాలి. ఇలాంటివి మామూలు క్లాసులో ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు.

ఇంట్లో మగవాళ్లే నేర్పితే?

"మేం నేర్పుతాం కదా, క్లాసు ఎందుకు" అని భర్తో, అన్నో అనడం సహజం. భర్త దగ్గర కారు నేర్చుకున్న ఆడవాళ్లకు దీని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. రెండో మలుపు దగ్గరే గొడవ మొదలవుతుంది!

ఇందులో ఇంకో చిక్కుంది. ఆడవాళ్ల చేతికి చిన్న తుపాకీ బాగుంటుందని మగవాళ్లు చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకే తూటా వాడే రెండింటిలో, తేలికైన చిన్న తుపాకీయే చేతిని ఎక్కువగా తన్నుతుంది. చిన్న రివాల్వర్లలో చాలావాటికి ట్రిగ్గర్ కూడా గట్టిగానే ఉంటుంది. మొదటి గుండుకే చెయ్యి అదిరి, "ఇది నా వల్ల కాదు" అని పక్కన పెట్టేసిన ఆడవాళ్లు ఎందరో. మంచి శిక్షకురాలు మొదట తక్కువ శక్తి ఉండే పాయింట్ 22 పిస్టల్ ఇస్తుంది, చెయ్యి కుదిరాకే పెద్దది ఇస్తుంది.

పిస్టల్ పైనుండే స్లైడ్‌ను వెనక్కి లాగడం సంగతీ అంతే. చేతులు చాచి వేళ్ల బలంతో లాగితే చాలామందికి రాదు. గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి, తుపాకీని ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, ఒక చేత్తో స్లైడ్‌ను గట్టిగా పట్టి, రెండో చేత్తో తుపాకీని ముందుకు నెట్టాలి. అప్పుడు సులువుగా వస్తుంది. కండబలంతో పనిచేసే మగవాడికి ఈ కిటుకు అవసరం పడదు, కాబట్టి చెప్పాలని తోచదు. చిన్న చేతులతో తనే నేర్చుకున్న ఆడమనిషికి మొదట గుర్తొచ్చేది అదే.

తాకడం, హిజాబ్

తుపాకీ నేర్పేటప్పుడు శిక్షకులు పక్కనే నిలబడతారు. భుజం సరిచేస్తారు, మణికట్టు తిప్పుతారు, కొన్నిసార్లు వెనక నిలబడి నడుము దగ్గర నిలకడ సరిచేస్తారు. పరాయి మగవాడు అలా తాకడం మన ఇళ్ల ఆడవాళ్లకే కాదు, ఏ మతం ఆడవాళ్లకైనా ఇబ్బందే. ఆ ఇబ్బంది మనసులో ఉంటే ధ్యాస తుపాకీ మీద ఉండదు.

హిజాబ్ వేసుకునేవాళ్లకు ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. పిస్టల్ పేలినప్పుడు ఖాళీ తొడుగు పక్కకు ఎగిరి పడుతుంది, అది బాగా వేడిగా ఉంటుంది. దుపట్టా మడతల్లోనో, మెడ దగ్గర బట్టలోకో పడితే చురుక్కుమంటుంది. అప్పుడు ఉలిక్కిపడి, తుపాకీ చేతిలో ఉండగానే పక్కకు తిరగడమే అసలు ప్రమాదం. అందుకే గొంతు దాకా మూసి ఉండే బట్టలు వేసుకోవాలి, హిజాబ్ అంచులు వదులుగా వేలాడకుండా లోపలికి దోపుకోవాలి. చెవి మఫ్ కింద బట్ట మడతలుంటే సందులోంచి శబ్దం లోపలికి వస్తుంది. ముందు ఫోమ్ ప్లగ్గులు చెవిలో పెట్టుకుని, పైన పలుచటి స్కార్ఫ్, దాని మీద మఫ్ పెట్టుకోవాలి. ఆడవాళ్లే ఉన్న గదిలో ఇవన్నీ ఒకరికొకరు సర్దుకోవచ్చు.

భయపడి వచ్చినవాళ్లు

ఈ క్లాసులకు వచ్చేవాళ్లలో కొట్టే భర్తను వదిలి వచ్చినవాళ్లుంటారు, ఎవరో వెంటపడి వేధిస్తుంటే వచ్చినవాళ్లుంటారు. వెనక మగవాడు నిలబడి గట్టిగా ఆదేశాలిస్తే వాళ్ల చేతులు వణుకుతాయి. కాసేపు బయటికెళ్లి కూర్చుని వస్తానన్నా, ఈ రోజు కాల్చనన్నా, ఎందుకని అడగని చోటు వాళ్లకు కావాలి.

అయితే తుపాకీ ఇంట్లోకి వస్తే భయం పోతుందనుకోవడం తొందరపాటే. హింసించే మగవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు ఐదింతలు పెరుగుతుందని 2003లో అమెరికా నగరాల్లో జరిపిన అధ్యయనం చెప్పింది. 2021లో అక్కడ తుపాకీతో చనిపోయిన 48,830 మందిలో 26,328 మంది తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు. 2014 డిసెంబర్‌లో ఐడహో రాష్ట్రంలో రెండేళ్ల బాబు తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్టల్ అందుకోగా, అది పేలి ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది. తుపాకీ పెట్టుకోవడానికని ప్రత్యేకంగా కుట్టిన బ్యాగే అది.

మంచి క్లాసులో ఈ మాటలు దాచరు. ఇంట్లో కోపిష్టి మనిషి ఉన్నా, దిగులుతో కుంగిపోతున్నవాళ్లు ఉన్నా, పిల్లలున్నా తుపాకీ తేవాలా అని సూటిగా అడుగుతారు. ఆడవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు ఆ ప్రశ్నకు నిజం చెప్పడం కాస్త సులువు. మా ఆయనకు కోపమెక్కువ అని ఆయన పక్కనే కూర్చుని చెప్పలేం కదా.

వేరు క్లాసంటే తక్కువ క్లాసా?

ఈ క్లాసులంటే ఇష్టపడని ఆడవాళ్లూ ఉన్నారు. గులాబీ రంగు పూసి పాఠం పలుచన చేస్తారని, రేపు రేంజ్‌లో ఎలాగూ మగవాళ్ల మధ్యే కాల్చాలి కదా అని వాళ్ల వాదన. కొన్ని క్లాసుల విషయంలో ఆ మాట నిజమే.

ఆడవాళ్లకు చేతకాక వేరుగా నేర్పుతున్నారన్నది మాత్రం నిజం కాదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ షూటింగ్ ఆడ, మగ కలిసి పోటీపడిన ఆట. స్వర్ణం గెలిచింది చైనా మహిళ ఝాంగ్ షాన్. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. చాలామందికి మహిళల క్లాసు మొదటి మెట్టు మాత్రమే. భయం పోయాక అందరితో కలిసే నేర్చుకుంటారు.

మనవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది: వీసా

ఇది చాలా ముఖ్యం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం స్టూడెంట్ వీసా, హెచ్-1బి, హెచ్-4, విజిటర్ వీసా లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో అద్దె తుపాకీతో కాల్చడానికీ ఇదే వర్తిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, లాయర్‌ను అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. అయినా రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారుతాయి, ఉదాహరణకు ఇల్లినాయిలో ముందుగా రాష్ట్ర పోలీసులు ఇచ్చే ఎఫ్ఓఐడి కార్డు కావాలి. స్నేహితురాలు పిలిచిందని సరదాగా వెళ్లి కాల్చిన ఒక్క పూట వీసాకే ముప్పు తేవచ్చు.

చేరే ముందు అడగాల్సినవి

శిక్షకురాలికి సర్టిఫికేషన్ ఉందా? క్లాసు పేరుకే మహిళలదా, రేంజ్‌లో కూడా నేర్పేది మహిళలేనా? ఒక్కో శిక్షకురాలికి ఎంతమంది? కాల్చేముందు ఖాళీ తుపాకీతో నేర్పుతారా? ఇంట్లో తాళం వేసి భద్రపరచడం, తూటాలు విడిగా దాచడం పాఠంలో ఉందా? ఇష్టం లేకపోతే కాల్చకుండా చూసి రావచ్చా?

మొదటి రోజు చాలాచోట్ల నేర్పే నియమాలు నాలుగు. ప్రతి తుపాకీలో తూటా ఉందనే అనుకోవాలి. కాల్చకూడని దేని వైపూ గొట్టం తిప్పకూడదు. గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో చూసుకోవాలి.

అమ్మాయి ఫోన్ చేసి అడిగితే వెంటనే వద్దనకండి, సరేననీ అనకండి. నీది ఏ వీసా, నేర్పేది ఎవరు, ఇంట్లో ఎవరెవరున్నారు అని అడగండి. క్లాసుకు వెళ్లి, అన్నీ తెలుసుకుని, "మా ఇంటికి ఇది వద్దు" అనుకుని వచ్చినా ఆ అమ్మాయి నేర్చుకున్నట్టే.