కంప్యూటరు మొరాయించిన వేళ

దాహం వేసినప్పుడు బావి త్రవ్వుట అవివేకమని మన పెద్దలు చెబుతారు. ‘ప్యాస్ లగ్నే పర్ కువాఁ ఖోద్‌నా’ అని ఉర్దూలోను ఇదే మాట ఉన్నది. రెండు భాషలవారు ఒకే అనుభవాన్ని ఒకే పోలికతో చెప్పారంటే అందలి సత్యం ఎంతటిదో ఊహించవచ్చు. గృహ కంప్యూటరు విషయంలో ఆ బావి పేరు రికవరీ పెన్ డ్రైవు. యంత్రం ఆరోగ్యంగా ఉన్ననాడే దానిని సిద్ధం చేసుకొనవలెనని, చేసినదానిని ఒకసారి పరీక్షించి చూడవలెనని విన్నవించుటయే ఈ వ్యాస లక్ష్యం.

ఈ సంగతి మాకు పుస్తకాల వల్ల కాక కష్టం వల్ల తెలిసింది. పత్రిక అచ్చుకు పోవలసిన వారంలో, ఉర్దూ విభాగపు పుటలన్నీ ఉన్న ఒక మిత్రుని ఇంటి కంప్యూటరు ఒక సాయంత్రం తెరుచుకొనలేదు. బూట్ చేయదగిన పరికరం ఏదీ లేదన్న ఒక్క ఆంగ్ల వాక్యం మాత్రమే నల్లని తెరపై నిలిచింది. మరమ్మతు దుకాణంవారు ఫార్మాట్ చేయక తప్పదని, లోపల ఉన్నదంతా పోతుందని సెలవిచ్చారు. అప్పుడు మరొకరి కంప్యూటరుపై పెన్ డ్రైవు తయారుచేయ పూనుకొన్నాము. రెండుసార్లు విఫలులమై, మూడవసారి పుటలను బయటకు తీయగలిగాము. ఆ రెండు వైఫల్యాల కారణాలు ఇంతగా సామాన్యమైనవని తరువాత తెలిసి సిగ్గుపడ్డాము.

యంత్రం ఎట్లు మేల్కొంటుంది?

మీట నొక్కగానే విండోస్ తనంతట తాను ప్రత్యక్షం కాదు. మొదట మేల్కొనేది మదర్‌బోర్డుపై ఒక చిప్‌లో నివసించే చిన్న ప్రోగ్రాము. పూర్వపు యంత్రాలలో దానిని బయోస్ అనేవారు. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఉన్నది అదే. నేటి యంత్రాలలో దాని స్థానాన్ని యు.ఇ.ఎఫ్.ఐ. ఆక్రమించింది. ఇది జ్ఞాపకశక్తిని, కీబోర్డును, డిస్కులను పరామర్శించి, పిదప బూట్ లోడరు అనే మరొక చిన్న ప్రోగ్రామును వెదుకుతుంది. బయోస్ అయితే డిస్కులోని మొదటి 512 బైట్లను చదివేది, యు.ఇ.ఎఫ్.ఐ. అయితే ఒక ప్రత్యేక విభాగంలోని ఫైలును చదువుతుంది. ఆ లోడరు విండోస్‌నో, లినక్స్‌నో నిద్రలేపుతుంది.

ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా యంత్రం మొరాయిస్తుంది. లంకె తెగినంత మాత్రాన మన ఫైళ్లు నశించినట్లు కాదు. ఇంటి తాళంచెవి పోయినంతలో ఇంటిలోని సామాను పోయినట్లు కాదు గదా! డిస్కు ప్రమేయం లేకుండా, బయటి పెన్ డ్రైవు నుండియే యంత్రాన్ని మేల్కొల్పగలిగితే లోపలికి ప్రవేశించి చూడవచ్చు.

తయారుచేయు విధానం

ఇట్టి పెన్ డ్రైవులు ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది, విండోస్‌లోనే ఉన్న ‘రికవరీ డ్రైవ్’ అనే సాధనంతో చేసేది. సిస్టమ్ ఫైళ్లను కూడ అందులో చేర్చదలచితే కనీసం 16 జి.బి., వీలైతే 32 జి.బి. పెన్ డ్రైవు తీసుకొనుట మేలు. రెండవది, మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో చేసే ఇన్‌స్టాలేషన్ డ్రైవు. దీనికి 8 జి.బి. చాలును, క్రొత్తగా విండోస్ ఎక్కించుటకే గాక మరమ్మతులకును ఇది పనికివస్తుంది. మూడవది ఉబుంటు, లినక్స్ మింట్ వంటి లైవ్ లినక్స్ డ్రైవు. డిస్కును తాకకుండ పెన్ డ్రైవు నుండియే నడుస్తుంది గనుక, ఫైళ్లను రక్షించుటకు ఇది మిక్కిలి ఉపకారి. మా పుటలను కాపాడినది ఇదే.

మూడింటికిని వర్తించే హెచ్చరికలు రెండు. తయారీ ఆరంభించగానే పెన్ డ్రైవులో అంతకుముందున్నదంతా తుడిచిపెట్టబడుతుంది. రెండవది, రికవరీ డ్రైవులో మన సొంత ఫైళ్లు ఉండవు. అది యంత్రానికి మందు. మన వ్రాతలకు నకలు కాదు.

లినక్స్ వంటివి ఐ.ఎస్.ఓ. అనే ఒకే పెద్ద ఫైలుగా లభిస్తాయి. దింపుకొన్న ఫైలు మధ్యలో చెడిందేమో తెలుసుకొనుటకు ఎస్.హెచ్.ఎ.-256 అనే 64 అక్షరాంకెల ముద్ర ఉంటుంది. ప్రచురించిన ముద్రతో మన ఫైలు ముద్ర సరిపోలితేనే ముందుకు పోవలెను. పిదప రూఫస్, బలీనా ఎచర్ వంటి సాధనంతో దానిని పెన్ డ్రైవుపై వ్రాయవలెను.

పని చేయకపోతే?

మా మొదటి పొరపాటు ఇక్కడే జరిగింది. ఐ.ఎస్.ఓ. ఫైలును మామూలు పాటల ఫైలువలె పెన్ డ్రైవులోనికి కాపీ చేశాము. యు.ఇ.ఎఫ్.ఐ. వెదికేది అందులోని బూట్ లోడరును. దానికి కనబడినది మూసిన పెట్టె మాత్రమే. పెట్టెను విప్పి సర్దే పనిని పైన చెప్పిన సాధనాలు చేస్తాయి.

రెండవ పొరపాటు, పెన్ డ్రైవు గ్రుచ్చగానే యంత్రం దానినే ఎంచుకొంటుందని నమ్ముట. అది తన అలవాటు ప్రకారం పాత డిస్కునే ఆశ్రయించింది. మీట నొక్కిన వెంటనే బూట్ మెనూను పిలువవలెను. డెల్, లెనోవో యంత్రాలలో సాధారణంగా ఎఫ్12, హెచ్.పి.లో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ మీట అందుకు ఉపయోగపడతాయి. విండోస్ నడుస్తున్న యంత్రంలో అయితే షిఫ్ట్ మీటను పట్టుకొని రీస్టార్ట్ నొక్కినా ఈ మార్గం దొరుకుతుంది.

మెనూలో పెన్ డ్రైవు కనబడియు నడవకపోతే, దానిని పాత బయోస్ పద్ధతిలో వ్రాశామేమో చూడవలెను. సెక్యూర్ బూట్ అనే కాపలా కూడ ఆమోద ముద్ర లేని లోడరును అడ్డగిస్తుంది. ఫ్యాట్32 పద్ధతిలో 4 జి.బి.కి మించిన ఫైలు ఇమడదు. విండోస్ ఫైళ్లను చేతితో కాపీ చేసేవారు తరచు ఇక్కడ చిక్కుకొంటారు. పెన్ డ్రైవు నడిచి, డిస్కు మాత్రం కనబడకపోతే, కొన్ని ఇంటెల్ యంత్రాలలో స్టోరేజి డ్రైవరును విడిగా అందించవలసి ఉంటుంది. కాని యు.ఇ.ఎఫ్.ఐ. సెట్టింగులలో కూడ డిస్కు కనబడకపోయినా, టకటకమని శబ్దం చేసినా లోపం డిస్కుదే కావచ్చు. అప్పుడు మరమ్మతు ప్రయోగాలు మాని, నిపుణుని ఆశ్రయించుట శ్రేయస్కరం.

మరువరాని తాళపు సంఖ్య

నేటి అనేక కంప్యూటర్లలో డిస్కు బిట్‌లాకర్ పద్ధతిలో తాళం వేయబడి ఉంటుంది. యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చును కూడ. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. సెక్యూర్ బూట్‌ను మార్చినప్పుడు యంత్రం ఆ సంఖ్యను అడుగవచ్చు. అది లేనిదే ఎంతటి మంచి పెన్ డ్రైవైనా గుమ్మం వద్దనే నిలిచిపోతుంది.

2024 జూలై 19న ప్రపంచమంతా ఈ పాఠం నేర్చుకొన్నది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయినవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అవి ప్రధానంగా సంస్థల యంత్రాలు. ఆనాడు మన హైదరాబాదు విమానాశ్రయంలో సైతం చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ యు.ఎస్.బి. రికవరీ సాధనాన్ని విడుదల చేసింది. అయినను తాళం వేసిన ఎన్నో డిస్కుల దగ్గర ఆ 48 అంకెల కొరకు వెదకులాట తప్పలేదు.

కావున విద్యార్థి మిత్రులకు మా మనవి ఇది. రానున్న సెలవులలో ఒక పెన్ డ్రైవు కొని, రికవరీ డ్రైవు తయారుచేసి, దానినుండి ఒకసారి యంత్రాన్ని మేల్కొలిపి చూసి, ఏమీ మార్చకుండ బయటకు రండి. దానిపై పేరు, తేదీ వ్రాసి, సంవత్సరానికొకసారి క్రొత్తగా చేయండి. తాళపు సంఖ్యను కాగితంపై వ్రాసి వేరొకచోట దాచండి. మీ వ్రాతల నకలును మరొక డ్రైవులో ఉంచండి. కళాశాల కమిటీ పెద్దలు గ్రంథాలయంలో పరీక్షించిన లైవ్ లినక్స్ పెన్ డ్రైవు ఒకటి ఉంచి, అవసరమైనవారికి పుస్తకంవలె ఎరువిచ్చే ఏర్పాటు చేస్తే, స్వల్ప వ్యయంతో ఎందరి ప్రాజెక్టులో, ఎందరి కుటుంబ ఛాయాచిత్రాలో దక్కుతాయి. ఆ వారం మాకట్టి పెన్ డ్రైవు ఒకటి అందుబాటులో ఉండి ఉంటే, మూడు రాత్రుల జాగారం మాకు తప్పేది.