కొత్త నీటికి కాపలా

కృష్ణా నీరు చెన్నైకి ఎలా వస్తుందో మన కుటుంబాల్లో చాలామందికి తెలుసు. శ్రీశైలం దగ్గర బయలుదేరి వెలుగోడు, సోమశిల మీదుగా కండలేరు చేరుతుంది. అక్కడి నుంచి కాలువ పట్టి ఊత్తుకోట దాటి పూండిలో పడుతుంది. ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ గార్ల కాలంలో 1983లో కుదిరిన ఒప్పందం ఇది. 1996 సెప్టెంబరులో గాని మొదటి నీరు పూండికి రాలేదు. ఏటా రావలసిన 12 టి.ఎం.సి.లలో ఎంత వచ్చిందని మనం పత్రికల్లో వెతుక్కుంటాం. ఆ నీటిని మోస్తున్న కండలేరు కట్ట ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు.

నెల్లూరు సీమలో రాపూరు దగ్గర సుమారు 11 కిలోమీటర్ల పొడవున సాగే మట్టికట్ట అది. జలాశయం నిండితే 68 టి.ఎం.సి.లు. ఇంత పెద్ద కట్టకు అన్నిటికంటె గడ్డుకాలం ఏదంటే, ముసలితనం అనుకుంటాం. ఇంజనీర్లు అలా అనరు. మొదటిసారి నీరు నిండే రోజులే గండం అంటారు. అంతవరకు ఎండలో ఉన్న మట్టి, రాయి ఒక్కసారిగా తడుస్తాయి, బరువు మోస్తాయి. పునాదిలో ఎక్కడ పగులున్నా నీరే వెతికి పట్టుకుంటుంది.

1976లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో టీటన్ అనే మట్టి ఆనకట్టకు ఇదే జరిగింది. అప్పుడే కట్టి, మొదటిసారి నింపుతున్నారు. జలాశయాన్ని అదుపులో ఉంచవలసిన ప్రధాన తూము పని ఇంకా పూర్తికాలేదు. వరద వచ్చింది, అనుకున్నదానికంటె వేగంగా నీరు పెరిగింది. జూన్ 3న కట్టకు దిగువన చిన్న ఊటలు కనిపించాయి. నీరు తేటగానే ఉంది. 5వ తేదీ ఉదయానికి కట్ట దగ్గరే బురదనీరు రావడం మొదలైంది. బుంగ పూడ్చడానికి పంపిన బుల్డోజర్లు రెండూ అందులోనే కూరుకుపోయాయి. మధ్యాహ్నం 12 గంటలకు మూడు నిమిషాల ముందు కట్ట తెగింది. 11 మంది ప్రాణాలు పోయాయి. పగటివేళ కావడం, చూసినవాళ్ళు వెంటనే కబురు పంపడం వల్ల ఆ సంఖ్య అక్కడితో ఆగింది.

తేటనీరు, బురదనీరు అన్న ఈ తేడా మన పల్లెల్లో చెరువుకు కాపలా ఉండే నీరుగంటికి ఏ చదువూ లేకుండానే తెలుసు. మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది, అది తప్పు కాదు. లోపల బంకమన్ను గోడ, దాని వెనక ఇసుక పొర వేసేది ఆ ఊటను నెమ్మదిగా, మట్టిని వదిలి బయటికి రప్పించడానికే. నీటితో బాటు మట్టి కూడా వస్తోందంటే కట్ట లోపల ఎవరో దొంగతనం చేస్తున్నట్టే.

ఆ ఊటను కొలిచే సాధనం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కట్ట అడుగున కాలువలో నిలబెట్టిన పలక, దానికి ఇంగ్లీషు వి అక్షరంలా కోసిన నోరు. వి-నాచ్ అంటారు. తొంభై డిగ్రీల నోటిలో నీరు 10 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు సుమారు నాలుగున్నర లీటర్లు. అదే 11 అయితే అయిదున్నర. ఒక్క సెంటీమీటరు తేడాకు నాలుగో వంతు పెరిగిందన్నమాట! అందుకే దాన్ని దూరం నుంచి చూసి అందాజుగా రాయకూడదు. మా బ్యాంకు లెక్కల్లాగే ఇక్కడా ఒంటరి అంకెకు విలువ లేదు. ఆనాటి జలాశయం మట్టం పక్కన రాయాలి, వాన పడిందేమో రాయాలి, కిందటిసారి ఇదే మట్టంలో ఎంత వచ్చిందో చూడాలి. మట్టం పెరగకుండా ఊట పెరిగితే అప్పుడు గుండె దడదడలాడాలి. కట్ట లోపలి నీటి ఒత్తిడి చెప్పే పీజోమీటర్లు, కట్ట ఎంత కుంగిందో చెప్పే గుర్తురాళ్ళు కూడా ఉంటాయి గాని, నాకు నచ్చింది ఈ పలకే.

నీటి బరువుకు భూమి కూడా కదలవచ్చు. మహారాష్ట్రలో కొయినా జలాశయం 1962 నుంచి నిండసాగింది. చిన్న చిన్న అదురులు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రత గల భూకంపం సుమారు 180 మందిని బలిగొంది. 103 మీటర్ల కాంక్రీటు ఆనకట్ట పగుళ్ళిచ్చినా నిలిచింది. మన హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా అక్కడి అదురులను లెక్కగడుతున్నారు. ఎంత ఎత్తుకు నింపాం అన్నదే కాదు, ఎంత వేగంగా నింపాం, పైమట్టంలో ఎన్నాళ్ళు ఉంచాం అన్నవీ ముఖ్యమేనని వారి పరిశీలన.

2021లో మన పార్లమెంటు చేసిన ఆనకట్టల భద్రతా చట్టం, కొత్త జలాశయాన్ని నింపే ముందే ప్రణాళిక తయారు చేయాలని, మధ్యమధ్య ఆగి పరీక్షించడానికి తగిన వ్యవధి ఉంచాలని అంటోంది. వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి తనిఖీ కూడా తప్పనిసరి.

నిండడం ఒక్కటే కాదు, ఖాళీ కావడం కూడా కనిపెట్టవలసిందే. ఎండాకాలంలో ఊరు దాహమంటుందని జలాశయం మట్టాన్ని గబగబా దించేస్తే, తడిసి బరువెక్కిన కట్ట లోపలి వాలు, ఎదుట ఆనిన నీరు తప్పుకోగానే జారిపోయే ప్రమాదముంది. కాబట్టి మనకోసం తూములెత్తే రోజుల్లో కూడా కండలేరు గట్టున ఒకరు పుస్తకం, పెన్సిలు పట్టుకుని తిరగవలసిందే.