మీకు తెలుసా? ఒకే మ్యాచ్‌లో 917 బంతులు!

ఆర్మూరు పక్కన పెర్కిట్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన పసుపు లారీ ఎటూ మళ్ళకుండా ఉత్తరానికి పోతే నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగపూర్ చేరుతుంది. మచిలీపట్నం మూలాలున్న ఒక తెలుగు కుటుంబం చాలా కాలం కిందటే ఈ నాగపూర్‌లో స్థిరపడింది. భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు ఆ ఇంటివాడే. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన తమ్ముడు సుబ్బన్న నాయుడు, అదే సి.ఎస్. నాయుడు పేరు చెబితే మాత్రం ‘ఎవరాయన?’ అనేవాళ్ళే ఎక్కువ.

1945 మార్చి. బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో రంజీ ట్రోఫీ ఫైనల్, బొంబాయికీ ఇండోర్ సంస్థానం జట్టు హోల్కర్‌కూ మధ్య. సి.ఎస్. హోల్కర్ జట్టు లెగ్ స్పిన్నర్. మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు వేసి 6 వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్ 278 కొట్టాడు, బొంబాయి 764 దాకా పోయింది. ఆ ఎండలో సి.ఎస్. మరో 88 ఓవర్లు వేశాడు. మొత్తం 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు. 11 వికెట్లు తీశాడు, 428 పరుగులు ఇచ్చుకున్నాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఒక మ్యాచ్‌లో ఒకే బౌలర్ వేసిన బంతుల్లో ఇదే ప్రపంచ రికార్డు. టెస్టుల్లో రికార్డు సోనీ రామదిన్‌ది, 1957లో ఎడ్జ్‌బాస్టన్‌లో. అదీ 774 దగ్గరే ఆగింది.

లెగ్ స్పిన్ అంటే ఊరికే చెయ్యి తిప్పడం కాదు. బంతి కుట్టుకు అడ్డంగా రెండు వేళ్ళు పెట్టి, మూడో వేలిని మడిచి, మణికట్టు విదిలిస్తూ ఆ మూడో వేలితోనే బంతిని తిప్పాలి. ఒరుసుకుపోయేది ఆ వేలి చర్మమే. పొద్దంతా కొమ్ములూ మండలూ వేరుచేసే పసుపు కూలీల వేళ్ళను చూసినవాళ్ళకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంతకీ సి.ఎస్. చేతికి అన్నిసార్లు బంతి ఇచ్చిన కెప్టెన్ ఎవరు? 49 ఏళ్ళ సొంత అన్న సి.కె.! తనకంటే పద్దెనిమిదేళ్ళకు పైగా పెద్దవాడు. ‘ఇక నావల్ల కాదన్నా’ అని ఏ తమ్ముడు మాత్రం అనగలడు?

అమెరికా బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అక్కడా పాతకాలంలో ఇలాంటి మొండిఘటాలు ఉండేవాళ్ళు. 1920 మే 1న బోస్టన్‌లో జరిగిన ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌లలో తేలక 26 దాకా సాగింది. లియాన్ కడోర్, జో ఓష్గర్ అనే ఇద్దరు పిచర్లు, అటొకరు ఇటొకరు, మొదటి నుంచి చివరి దాకా తామే విసిరారు. చీకటి పడ్డాక 1-1తో సమంగా ఆపేశారు. వాళ్ళు క్లబ్బుల దగ్గర జీతం తీసుకునే ఆటగాళ్ళు. మన దగ్గర ఆ రోజుల్లో క్రికెటర్లను పోషించింది ఎక్కువగా సంస్థానాధీశులే. సి.కె.ను ఇండోర్ రప్పించి తన సైన్యంలో హోదా ఇచ్చింది హోల్కర్ మహారాజే.

సి.ఎస్. టెస్టు లెక్కలు చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది: 11 మ్యాచ్‌లు, రెండంటే రెండే వికెట్లు. దేశవాళీలో ఆయన వేరే మనిషి. 1942-43లో బరోడా తరఫున ఒకే రంజీ సీజన్‌లో 40 వికెట్లు తీశాడు, అంతకుముందు ఆ అంకె ఎవరూ అందుకోలేదు. ఫస్ట్‌క్లాస్ మొత్తం మీద 647. కెరీర్‌లో కొన్నాళ్ళు ఆంధ్ర జట్టుకూ ఆడాడు.

917 బంతులు వేసినా 1945 ఫైనల్ హోల్కర్‌కు దక్కలేదు. రెండో ఇన్నింగ్స్‌లో హోల్కర్ తరఫున ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ 249తో అజేయంగా నిలిచినా 374 పరుగుల తేడాతో ఓటమి తప్పలేదు. హోల్కర్ తొలిసారి రంజీ ట్రోఫీ గెలిచింది ఆ మరుసటి సీజన్‌లో, బరోడాను ఓడించి.