డిజిటల్ గ్రంథాలయములు: పరిశోధనకు, బోధనకు వాని తోడ్పాటు

గ్రంథాలయమును ఉర్దూలో కుతుబ్‌ఖానా అన్నను, తెలుగులో పుస్తక భాండాగారమన్నను భావమొక్కటే. హైదరాబాదు నగరమున 1891లో ఆసఫియా గ్రంథాలయము, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినవి. ఉభయ భాషల విద్యార్థులకును ఇవి తరతరములుగా నీడనిచ్చినవి. అయితే అట్టి గ్రంథాలయమునకు వెళ్లగలిగిన వారికే ఆ నీడ దక్కినది. దూరపు ఊరిలో ఉన్నవానికి, బస్సు ఖర్చులకు వెనుకాడువానికి, ఇల్లు విడిచి రాలేని బాలికకు పుస్తకము పేరు తెలిసినను పుస్తకము దొరకలేదు. ఈ లోటును కొంతవరకు తీర్చుటకు వచ్చినవే డిజిటల్ గ్రంథాలయములు.

మేము ఎం.ఏ. చదువుచున్న దినములలో ఒక పాత తెలుగు పత్రిక సంపుటము కొరకు దూరముననున్న ఒక గ్రంథాలయమునకు రెండు పర్యాయములు ప్రయాణము చేసితిమి. మొదటిసారి పుస్తకముల లెక్క చూచుచున్నారని తలుపులు మూసియున్నవి. రెండవసారి సంపుటము చేతికి వచ్చినది గాని, మాకు కావలసిన పుటలు పొడియై రాలిపోయియున్నవి. మరికొన్ని సంవత్సరములకు అదే సంపుటము, పూర్తి పుటలతో, మా ఇంటనే కంప్యూటరు తెరపై కనబడినది. ఆనాడు కలిగిన సంతోషముతోపాటు, ఈ మార్గము మన విద్యార్థులకు ముందుగానే తెలిసిన ఎంత మేలు జరుగునో అను తలంపు కూడ కలిగినది. ఈ వ్యాసమునకు అదియే ప్రేరణ.

డిజిటల్ గ్రంథాలయమనగా కేవలము పుస్తకముల ఛాయాచిత్రముల రాశి కాదు. పుస్తకమును పుట పుటగా స్కాను చేయుట మొదటి పని. గ్రంథకర్త, సంవత్సరము, భాష, విషయము మొదలగు వివరములతో దానికి పట్టిక వ్రాయుట రెండవది. చిత్రములోని అక్షరములను యంత్రము గుర్తించి వెదకుటకు వీలగు పాఠముగా మార్చుట మూడవది. కాలక్రమమున చెడిపోకుండ ఒకటికి మించిన చోట్ల ప్రతులను భద్రపరచుట నాలుగవది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను పాఠకునకు ఇబ్బంది తప్పదు.

ఈ యత్నము నిన్న మొన్నటిది కాదు. 1971 జులై 4న అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమున మైకేల్ హార్ట్ అను విద్యార్థి ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులో అక్షరమక్షరము టైపు చేసినాడు. అదియే గుటెన్‌బర్గ్ ప్రాజెక్టునకు నాంది. 1991లో భౌతికశాస్త్ర పరిశోధన పత్రములను ఉచితముగా అందించు ఆర్కైవ్ అను భాండాగారము, 1996లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ ఏర్పడినవి. ప్రపంచమందలి పుస్తకములలో పది లక్షలను స్కాను చేయు సంకల్పమునకు నాయకత్వము వహించిన వారిలో ప్రముఖుడు మన చిత్తూరు ప్రాంతమున జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానమును పొందిన ఆచార్య రాజ్ రెడ్డి. ఆ సంకల్పములోని భారతీయ శాఖయే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు పుస్తకములు పెక్కు దీని మూలముననే తెరకెక్కినవి. 1918లో ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయము ముద్ర గల పాత పుటలను నేడు ఏ మారుమూల గ్రామమునుండియైనను చూడవచ్చును.

ఇక పరిశోధనకు వీని ఉపయోగమును ఒక చిన్న ఉదాహరణముతో చూతము. మన దైనందిన తెలుగులో ‘జిల్లా’, ‘రైతు’ అను మాటలు ఉన్నవి. ఇవి ఎచ్చటివి? అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయము దక్షిణాసియా భాషల నిఘంటువులను ఒకేచోట ఉచితముగా ఉంచినది. అందు సి.పి. బ్రౌను తెలుగు నిఘంటువును, 1884లో వెలువడిన ప్లాట్స్ ఉర్దూ నిఘంటువును ప్రక్కప్రక్కన తెరచి చూడవచ్చును. ‘జిల్లా’ అరబీ పదము. మూలమున దానికి ప్రక్కటెముక, ప్రక్క అని అర్థము. అది దేశములో ఒక భాగమునకు పేరై, పాలనా పదమై తెలుగునకు వచ్చినది. ‘రైతు’ అరబీలోని ‘రఅయ్యత్’ నుండి వచ్చినది; పాలితులైన ప్రజలను సూచించు ఆ పదము తెలుగున సేద్యగానికి స్థిరపడినది. ఇంకను లోతునకు పోదలచినవారు 1855లో హెచ్.హెచ్. విల్సన్ ప్రకటించిన న్యాయ, రెవెన్యూ పదకోశమును ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడవచ్చును. ఒకప్పుడు మూడు గ్రంథాలయములు తిరిగినగాని జరగని పని ఒక గంటలో జరుగును. ఉర్దూ, తెలుగు రెండును తెలిసిన మన విద్యార్థులకు ఇట్టి పరిశోధన ఇతరులకన్న సులభము. ఈ క్షేత్రము వారి కొరకే వేచియున్నది.

మన దేశములోని మరికొన్ని సాధనములను కూడ తెలిసికొనవలెను. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథములను ఎలక్ట్రానిక్ రూపమున సమర్పింపవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో నిబంధన చేసినది. వానిని భద్రపరచుచున్న గాంధీనగరములోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రపు ‘శోధ్‌గంగా’లో లక్షల గ్రంథములు కలవు. ఒక విషయముపై ఇదివరకు ఎవరు, ఎంతవరకు పనిచేసినారో తెలియుటకు ఇంతకుమించిన మార్గము లేదు. చేసిన పనినే మరల చేయు శ్రమ తప్పును. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్వహించుచున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018 జూన్‌లో జాతికి అంకితమైనది. ఉర్దూ సాహిత్యమునకు 2013లో ఆరంభమైన ‘రేఖ్తా’ పెన్నిధి వంటిది. వేలాది పాత పుస్తకములు అందు చదువుటకు లభించును.

అధ్యాపకునకు కూడ వీనివలన ప్రయోజనము అధికము. ఒక పద్యమునకు గల పాఠభేదములను చెప్పునపుడు రెండు ముద్రణల పుటలను తరగతిలోనే చూపవచ్చును. చరిత్ర పాఠమున నాటి పత్రికను చూపవచ్చును. గైడు పుస్తకము చెప్పిన మాటను మూలముతో సరిచూచు అలవాటు విద్యార్థికి కలుగును. మా అభిప్రాయమున బోధనలో ఇదియే ముఖ్యఫలము.

అయితే లోపములను దాచరాదు. తెలుగున ఒత్తులు అక్షరము క్రిందను, గుణింతపు గుర్తులు పైనను చేరును. ఉర్దూ పాత పుస్తకములలో అధికభాగము కాతిబుల చేవ్రాతనుండి రాతి అచ్చున ముద్రితమైనవి. నస్తలీఖ్ లిపిలో అక్షరములు వాలుగా దిగుచు ఒకదానితో నొకటి కలిసిపోవును. అందువలన యంత్రము వీనిని చదువుటలో తడబడును. పెక్కు పుస్తకములు నేటికిని వట్టి చిత్రములుగానే ఉన్నవి. లోపలి మాటను వెదకిన దొరకదు. పట్టికలలో పేర్లను రోమను లిపిలో వ్రాసినపుడు దీర్ఘమును ఒకరు ఒక అక్షరముతోను, మరియొకరు రెండక్షరములతోను చూపినారు. కావున ఒక పేరును నాలుగు విధములుగా వ్రాసి వెదకుట నేర్చుకొనవలెను.

కాపీహక్కు మరియొక విషయము. మన చట్టము ప్రకారము గ్రంథకర్త మరణించిన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లు హక్కు నిలుచును. 1915లో మరణించిన గురజాడ రచనలు, 1938లో మరణించిన ఇక్బాల్ రచనలు స్వేచ్ఛగా ప్రకటింపదగినవి. ఇటీవలివారి రచనలు అట్లు కావు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు కూడ ఈ చిక్కులు తప్పలేదు. కొంతకాలమునకు దాని వెబ్‌సైటు పాఠకులకు అందకుండ పోయినది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉండుటచే చాల పుస్తకములు మిగిలినవి. ఒకే చోట దాచినది ఒకేసారి పోవునని ఇందువలన తెలియుచున్నది. ఇక తెరపై కనబడినదానిని యథాతథముగా తన వ్యాసమున అతికించుట పరిశోధన కాదు, చౌర్యము. ఎవరి మాట ఏ పుటలోనిదో చెప్పుట విద్యార్థి ధర్మము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన ‘ఒకే దేశము, ఒకే చందా’ పథకము సుమారు 13,000 పత్రికలను విద్యాసంస్థలకు తెరచినది. కాని 2025 జనవరిలో ఆరంభమైన మొదటి దశ ప్రభుత్వ నిర్వహణలోని సంస్థలను ఉద్దేశించినది; యాజమాన్య కమిటీల క్రింద నడచు మనవంటి కళాశాలలు దాని వెలుపల ఉండిపోయినవి. కావున ఉచితముగా లభించువానిని చక్కగా వాడుకొనుట మనకు మరింత అవసరము. మన విద్యార్థినులలో పలువురి ఇండ్లలో ఫోను ఒక్కటే. అది తండ్రితోనో అన్నతోనో పనికి పోయి రాత్రికి ఇల్లు చేరును. ఆమెకు ‘అంతా ఇంటర్నెట్‌లో ఉన్నది’ అను మాట ఏమి ఉపయోగము? గ్రంథాలయమున నాలుగు కంప్యూటర్లు, తరగతులు ముగిసిన పిమ్మట మరి రెండు గంటల సమయము, వెదకు విధానము నేర్పుటకు వారమునకొక పీరియడు ఏర్పరచినచో ఆ మాట నిజమగును.

మరియొకటి. మన బీరువాలలో ఈ పత్రిక పాత సంచికలు, దాతలు ఇచ్చిన ఉర్దూ పుస్తకములు చెదలకు ఆహారమగుచున్నవి. ఇతరులు దాచిన పుస్తకములను మనము చదువుచున్నాము. మనవద్దనున్నవానిని మనము దాచవద్దా? హక్కుల విషయము విచారించి, అనుమతులు పొంది, వానిని స్కాను చేయించి, రెండు లిపులలోను పట్టిక వ్రాయించిన ఖర్చు స్వల్పము, ఫలము శాశ్వతము. వచ్చు సంచిక వెలువడు నాటికి ఈ పని ఆరంభమగునని ఆశించుచున్నాము. పట్టిక వ్రాయు విద్యార్థులకు తోడుగా కూర్చుండుటకు మేము సిద్ధము.